నచ్చని మనిషి నాయకుడైనప్పుడు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ సినిమా స్క్రిప్టు రెండుసార్లు చదివాను. కథానాయకుడిలో ఒక్క మంచి గుణమైనా కనబడడం లేదని, అతడు ఎవరికైనా సాయపడే సన్నివేశం ఒకటి మొదట్లోనే పెట్టమని చదివినవారందరూ అంటున్నారని రాశావు. పెట్టవద్దు. అటువంటి సన్నివేశం వచ్చిన మరుక్షణం ప్రేక్షకుడు అతణ్ణి గమనించడం మాని, క్షమించడానికి కారణాలు వెతుక్కోవడం మొదలుపెడతాడు.

ఒక మనిషి వెంట నడవడం వేరు, అతడి పక్షాన నిలబడడం వేరు. నాయకుడు నచ్చకపోతే డబ్బు తిరిగి రాదన్న భయంతో, పెద్ద పెట్టుబడితో తీసే సినిమాలు సాధారణంగా ఈ రెంటినీ కలిపేస్తాయి. చిన్న బడ్జెట్‌తో స్వతంత్రంగా తీసేవారికి ఆ రెంటినీ విడదీసే స్వేచ్ఛ ఉంది. నిజజీవితంలో ఇటువంటివారు ఎదురైతే మనం పక్కకు తప్పుకుంటాం. అందువల్లనే, తీర్పు చెప్పే తొందర లేకుండా వారిని గంటన్నరసేపు దగ్గరగా చూడనిచ్చే చిత్రం మనల్ని కుర్చీలోంచి లేవనివ్వదు.

అమెరికన్ నటి బార్బరా లోడెన్ తానే రాసి, దర్శకత్వం వహించి, నటించిన ‘వాండా’ను తప్పక చూడు. 1970లో వచ్చిన, అతి చిన్న బృందంతో, 16 మి.మీ. ఫిల్ము మీద తీసిన చిత్రమది. వాండా జుట్టుకు కర్లర్లు కూడా తీయకుండా కోర్టుకు ఆలస్యంగా వస్తుంది; పిల్లలు భర్త దగ్గర ఉంటేనే బాగుంటారని జడ్జితో చెప్పి, వారిని వదులుకుని వెళ్ళిపోతుంది. ఎందుకలా చేసిందో ఆ సన్నివేశం మనకు విడమరచి చెప్పదు. మొదటిసారి చూసినప్పుడు నాకు ఆమె మీద పట్టరాని కోపం వచ్చింది. మళ్ళీ మళ్ళీ చూశాకే, తల్లి అంటే ఇలాగే ఉండాలని నేను ముందే గీసిపెట్టుకున్న గీత లోపల ఆమె నిలబడనందుకు వచ్చిన కోపమది అని అర్థమైంది. ఆమెను మార్చడానికి ప్రయత్నించకుండా, ఆ చిత్రం నన్ను నాకే చూపించింది.

బ్రిటిష్ దర్శకుడు మైక్ లీ తీసిన ‘నేకెడ్’ ఇంతకన్నా కఠినమైనది. 1993లో కాన్ చిత్రోత్సవంలో ఆయనకు ఉత్తమ దర్శకుడి బహుమతి, కథానాయకుడు జానీగా నటించిన డేవిడ్ థ్యూలిస్‌కు ఉత్తమ నటుడి బహుమతి లభించాయి. జానీ ఆడవాళ్ళను హింసిస్తాడు, కనుక ఆ చిత్రాన్ని చివరిదాకా చూడలేనివారిని నేను తప్పుపట్టను. అయితే రాత్రివేళ ఖాళీ భవనంలో అతడు ఒక కాపలాదారుతో మాట్లాడే సుదీర్ఘ సన్నివేశాన్ని గమనించు. జానీ వాగ్ధాటి ఎంత గొప్పదైనా, ఆ సన్నివేశాన్ని నిలబెట్టేది కాపలాదారు ఓపికగా వినే తీరు. నీ స్క్రిప్టులో లోపం సరిగ్గా ఇక్కడే ఉంది. నాయకుడి అక్క పాత్ర అతడి చేత మాటలు పడడానికే పుట్టినట్టుంది. ఆమెకు తనదైన పని, తనదైన విసుగు, అతడితో సంబంధం లేని సంతోషం ఒకటి కావాలి. అతడు ఏం పాడుచేస్తున్నాడో ప్రేక్షకుడికి అప్పుడే తెలుస్తుంది. ఎడిటింగ్‌లో కూడా, అతడు మాట్లాడుతున్నప్పుడు షాటును ఆమె ముఖం మీద కాస్త ఎక్కువసేపు ఉంచు.

బాల్యం తాలూకు ఫ్లాష్‌బ్యాక్ పూర్తిగా తీసివెయ్యి. ఎడిటర్‌గా ఉన్న రోజుల్లో నేను ఒక నిర్మాత ఒత్తిడికి లొంగి, ఇలాంటి మనిషి కథలోనే నాలుగు నిమిషాల బాల్యాన్ని చేర్చాను. అంతవరకు ఊపిరి బిగబట్టి చూసిన జనం ఆ నాలుగు నిమిషాల్లో ఊరట పొంది వెనక్కి వాలారు. ఆ పట్టు మళ్ళీ దొరకలేదు, ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది. కారణం చెప్పడానికి బదులు, అతడికి ఏం కావాలో స్పష్టంగా చెప్పు. అక్క డబ్బు అతడికి కావాలి. అది ఎంత, ఎప్పటిలోగా, దేనికి అన్నది నీకు కచ్చితంగా తెలిసి ఉండాలి.

చివర అతడు ఏడ్చి క్షమాపణ అడిగే సన్నివేశం నాకు నమ్మబుద్ధి కాలేదు. ఇంతకు ముందు అబద్ధాలు చెప్పిన అదే గొంతుతో, అతడు మళ్ళీ ఆమె తలుపు తట్టనీ. ఆమె తలుపు తీస్తుందా లేదా అన్నది అతణ్ణి బట్టి కాక, ఆమెను బట్టి తేల్చుకుని, ఆ ఒక్క పేజీ తిరగరాసి నాకు పంపు.