పెళ్లికార్డు దగ్గర మొదలుపెట్టు

పర్లాకిమిడి

చిరంజీవి అమ్మాయికి, ఆశీస్సులు.

నువ్వు బరంపురం నుంచి బస్సులో పంపిన కవరు అందింది. వ్యాసం చదివాను, డిజైన్లు చూశాను, వాటి పైన పిన్ను గుచ్చి పెట్టిన ఉత్తరమూ చదివాను. "మాస్టారూ, మొహమాటం లేకుండా చెప్పండి" అన్నావు కాబట్టి చెప్తున్నాను. వ్యాసం కంటే ఉత్తరం బాగుంది.

వ్యాసాన్ని "చిన్నప్పటి నుంచీ కళలంటే నాకు ప్రాణం" అని ఎత్తుకున్నావు. తర్వాత బొమ్మలు, ఫొటోలు, పాటలు, పాత నాణేలు అని హాబీలన్నీ వరసగా పెట్టావు. మధ్యలో ప్రకృతి ఒడిలో సేదతీరావు. చివరికి సృజనే నీ ఊపిరి అయింది. పైన నీ పేరు కొట్టేసి మీ క్లాసులో ఇంకో అమ్మాయి పేరు రాస్తే ఆ పిల్లకీ అంతే చక్కగా సరిపోతుంది. ఉత్తరంలో మాత్రం, కవరు పంపడం ఎందుకు ఆలస్యమైందో చెప్పడానికి మీ పిన్ని కూతురి పెళ్లికార్డు గొడవ రాశావు. అది నువ్వు తప్ప ఇంకెవరూ రాయలేరు.

అందులో ఏముందో నీకు తెలియదేమో అని నేను మళ్లీ చెప్తాను. కార్డు పైన ఎప్పుడూ ఉండే మాటలే, "శ్రీరస్తు, శుభమస్తు, అవిఘ్నమస్తు" అని ఫోటోషాప్‌లో పెట్టావు. పెట్టగానే వత్తులన్నీ ఊడిపోయి, అక్షరాలు దేనికదే పక్కపక్కన నిలబడ్డాయి. నువ్వు తల పట్టుకుని కూర్చుంటే మీ పిన్ని భుజం మీంచి తొంగిచూసి, "అవిఘ్నమస్తులోనే విఘ్నం వచ్చిందేమిటే!" అంది. చివరికి సెట్టింగుల్లో అక్షరాల విభాగంలోకి వెళ్లి, దక్షిణాసియా లిపులకి వేరే ఎంపిక ఉందని పట్టుకుని, ప్రోగ్రామ్ మూసి మళ్లీ తెరిస్తే గానీ 'స' కిందకి 'త' వత్తు రాలేదు. మీ పిన్ని అన్న ఆ ఒక్క ముక్కకి నీ వ్యాసం నాలుగు పేజీలూ ఇచ్చేయొచ్చు.

అయితే సరిగ్గా కథ చిక్కబడే చోట నువ్వు "తర్వాత ఎలాగో సర్దాను" అని దాటేశావు. ఆ సర్దడం ఎలాగో నాకు కావాలి. ఇంగ్లీషుకి సరిపోయే లైన్ల ఎడం తెలుగుకి చాలదు కదా, పై లైను వత్తులు దిగి కింది లైను గుళ్లనీ తలకట్లనీ ఢీకొంటాయి. ఎడం పెంచితే కార్డులో మేనమామల పేర్లకి చోటు లేకుండా పోతుంది. ఎవరి పేరు తీసేశావు? తీసేస్తే ఊరుకున్నారా? పైగా మీది రెండు భాషల కార్డు. ఒడియా అక్షరాల నెత్తిన ఆ గుండ్రటి గొడుగులు, పక్కనే మన తలకట్లు; ఒకే సైజు పెట్టినా రెండూ ఒక్కలా కనిపించవు, ఒకటి పెద్దదిగా, ఒకటి నీరసంగా ఉంటుంది. ఎడమవైపు తెలుగు ఉండాలా ఒడియా ఉండాలా అని రెండు వైపుల వాళ్లూ మాటా మాటా అనుకున్నారని అర వాక్యంలో రాసి వదిలేశావు. ఒడిశాలో తెలుగువాళ్లం ఎలా బతుకుతున్నామో ఆ అర వాక్యంలో ఉందమ్మా. నువ్వు మాత్రం దాని మీదుగా నడిచిపోయి, వ్యాసంలో "నేను రెండు సంస్కృతుల సంగమంలో పెరిగాను" అని రాసుకున్నావు.

(ప్రెస్సుల్లో సీసపు అక్షరాలు పేర్చే రోజుల్లోనూ వత్తులు ఊడేవి. కంపోజిటరు చిమ్టాతో తీసి మళ్లీ కూర్చోబెట్టేవాడు. ఇప్పుడు కంప్యూటరుని బతిమాలాలి, అంతే తేడా.)

ప్రెస్సాయన సంగతీ రాయి. ఆయన దగ్గర ఉన్నది 'అను' అనే పాతకాలపు తెలుగు ఫాంట్లు. అందులో కొట్టిన తెలుగు ఇంకో మెషీన్లో ఆ ఫాంటు లేకపోతే పిచ్చి ఇంగ్లీషు అక్షరాల్లా కనిపిస్తుంది, ఫోన్లలో, నెట్లో నడిచే నీ యూనికోడ్ తెలుగు, పేజీలు పేర్చడానికి ఆయన వాడే పాత పేజ్‌మేకర్ ప్రోగ్రామ్‌లో ప్రశ్నార్థకాలుగా మారుతుంది. అందుకని అక్షరాలన్నిటినీ గీతలుగా మార్చేసి పీడీఎఫ్ ఇచ్చావు. తెలివైన పనే. కానీ గీతలుగా మారాక తప్పు దిద్దడానికి ఉండదు, ముహూర్తం నిమిషాలు మారాయని రాత్రి పదింటికి ఫోన్ వస్తే మళ్లీ మొదటికి. ఆ ఫోన్ వచ్చిందనే అనుకుంటున్నాను. మన పెళ్లిళ్లలో రాకుండా ఉండదు.

అదే డిజైన్ మీద తన ప్రెస్సు పేరు వేసుకుని ఇంకో ఇద్దరికి అమ్మాడని బాధపడ్డావు. దాని మీద కోపంతో ఇప్పుడే ఏమీ రాయకు. కోపంలో రాస్తే ఆయన దుర్మార్గుడు, నువ్వు అమాయకురాలివి అవుతావు, చదివేవాడికి ఇద్దరూ తెలియరు. ఇకమీదట సగం డబ్బు ముందే తీసుకో. చుట్టాలైనా సరే. "ఒక పోస్టరు చేసిపెట్టమ్మా, నీకెంతసేపు" అనేవాళ్లకి ఎంతసేపో లెక్కకట్టి చెప్పు.

ఆ కార్డులో పేర్లకి నువ్వు ఎంచుకున్న ఫాంటు గిడుగు. గూగుల్‌లో ఊరికే దొరుకుతుంది, సిలికానాంధ్ర అనే తెలుగు సంస్థ వాళ్లు చేయించింది. ఆ పేరుగల ఆయన, గిడుగు రామమూర్తి గారు, మన ఊళ్లోనే రాజావారి బడిలో పాఠాలు చెప్పారని నీకు తెలిసే ఉంటుంది. మన కొండల్లోని గిరిజనులు సవరల భాష వాళ్ల నోటి నుంచే నేర్చుకుని, సొంత డబ్బుతో వాళ్ల పిల్లలకి బడి పెట్టి, 1931లో ఆ భాషకి వ్యాకరణం, 1938లో నిఘంటువు తెచ్చారు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడి పర్లాకిమిడి అందులోకి వెళ్లింది. ఇన్నేళ్లు బతికిన ఊరు వదిలి ఆయన రాజమండ్రి వెళ్లిపోయారు. జనం మాట్లాడే తెలుగులో పుస్తకాలు రాయాలని జన్మంతా పోట్లాడిన మనిషి. నువ్వేమో మీ ఇంట్లో మాట్లాడే తెలుగులో ఉత్తరం రాసి, వ్యాసానికి వచ్చేసరికి పేపర్ల భాష తొడుక్కున్నావు. నువ్వు తెలుగు బడిలో చదవలేదు, మీ అమ్మ దగ్గర అక్షరాలు దిద్దుకున్నావు, దీర్ఘాలూ వత్తులూ అక్కడక్కడా తప్పుతున్నాయి. అవి నేను ఎర్రపెన్నుతో దిద్దాను, వాటి గురించి సిగ్గుపడకు. వాక్యం మధ్యలో ఒడియా ముక్క దొర్లినా తీసెయ్యకు. మన వీధిలో అది దొర్లుతుంది.

ఇక సంచుల సంగతి. సవర గోడబొమ్మలు గుడ్డసంచుల మీద వేసి కాలేజీలో అమ్ముతున్నావు, బాగా పోతున్నాయి. సంతోషమే. కానీ నీ సంచి మీద మనుషులు రెండు త్రికోణాలు ముక్కుకి ముక్కు అతికించినట్టున్నారు. అది వార్లీ పద్ధతి, మహారాష్ట్రది. సవర బొమ్మలో ఒళ్లు అంత కోసుగా ఉండదు, ముందు చుట్టూ అంచు గీసుకుని లోపలికి నింపుకుంటూ వస్తారు. ఎర్రమట్టి గోడ మీద బియ్యప్పిండితో ఇంట్లో వేసే ఆ ఇడితాల్ దేవతల కోసం, పోయిన పెద్దల కోసం. అందం కోసం వేసింది కాదు. ఫోన్లో చూసి గీస్తే ఈ తేడా తెలియదు. గుణుపురం వైపు నీ స్నేహితురాలి ఊరు ఉందన్నావు కదా, వెళ్లి ఒక గోడ ముందు కూర్చో. ఇంటివాళ్లు ఒప్పుకుంటే చూడు, ఒప్పుకోకపోతే చూడకు. ఫోన్ సంచిలోనే ఉంచు. సంచుల అమ్మకం ఆపమని అనడం లేదు. సంచి మీద ఏం వెయ్యాలో, ఏం వెయ్యకూడదో ఆ గోడ దగ్గర తేల్చుకో. తేల్చుకునేటప్పుడు నీకు కలిగే ఇబ్బంది ఉంటుందే, దాని మీద వ్యాసం రాయి.

బరంపురం అమ్మవారి జాతర, ఠాకురాణి యాత్ర ఫొటోలు చూశాను. రెండేళ్లకోసారి వచ్చే పండుగ కదా, నువ్వు పనికొచ్చేలా వాడుకున్నావు. పులివేషగాడు ఒళ్లంతా పసుపురంగు పూయించుకుని, అది ఆరేదాకా చేతులు చాచి నిలబడ్డ ఫొటో ఒక్కటి చాలు, మిగతావి జనం, దీపాలు. ఫొటో కింద మళ్లీ అదే రాయకు. రంగు ఏముందో కంటికి కనిపిస్తూనే ఉంది. వాసన కనిపించదు. ముక్కు దురద పెడితే ఎవరు గోకారో కనిపించదు. అది రాయి.

మీ ఇంటి విషయాలు రాయొచ్చా అని అడిగావు. రాయొచ్చు. అమ్మ గురించి రాసింది అచ్చుకి పంపేముందు అమ్మకి చదివి వినిపించు. ఆవిడ వద్దన్న చోట గీత కొట్టు, వాదించకు. అబ్బాయి గురించి రాసిన కవితలు అన్నావే, వాటిని ఇప్పుడప్పుడే ఎవరికీ చూపించకు, నాక్కూడా. ఏడాది పోయాక నువ్వే తీసి చదువుకో. ఇంకా బాగున్నాయనిపిస్తే పంపు.

ఇప్పుడు నువ్వు చెయ్యవలసిన పని ఒకటే. ఆ నాలుగు పేజీలు పక్కన పెట్టి, పెళ్లికార్డు గురించి రెండు పేజీలు రాయి. నువ్వు సృజనశీలివని ఎక్కడా చెప్పకు. కళ అనే మాట రాకుండా చూడు, కష్టంగా ఉంటుంది. మీ పిన్ని, ప్రెస్సాయన, పేరు పోయిన మేనమామ, వీళ్లు వచ్చాక నువ్వు ఎక్కడ ఉన్నావో చదివేవాడే వెతుక్కుంటాడు. వాక్యం తట్టకపోతే ఫోన్లో నాకు చెప్తున్నట్టు పైకి చెప్పి, చెప్పింది రాసుకో. దసరాకి ఎలాగూ వస్తావు, అప్పటికి అవుతుంది. పెళ్లికార్డు మొదటి ప్రూఫు మీ ఇంట్లో ఎక్కడైనా పడి ఉంటే అదీ పట్టుకురా.

ఇంకో సంగతి. మీ నాన్నగారు మొన్న బజార్లో కనిపించి, నీ బ్యాంకు పరీక్షల విషయం నీకు గట్టిగా చెప్పమన్నారు. చెప్పాను.

ఉంటాను,
మీ మాస్టారు