కోడలిని ఏ గడిలో రాస్తారు?

ప్రశ్న: "ఆస్ట్రేలియాలో జనం ఆరోగ్యం మీద, వృద్ధుల సంరక్షణ మీద ప్రభుత్వమే క్రమం తప్పకుండా లెక్కలు ఇస్తుంది. మన దేశంలో అలాంటివి ఉన్నాయా? ఉంటే నమ్మొచ్చా?"

ఉన్నాయి. చాలానే ఉన్నాయి. నమ్మొచ్చా అంటే, ముందు మా అత్త మాట మీరు నమ్ముతారా అని అడుగుతాను. ఆ లెక్కలన్నీ చివరికి మా అత్తలాంటి వాళ్ళ నోట్లోంచి ఊడిపడాల్సినవే కదా.

మాది పర్లాకిమిడి. ఒడిశాలో గజపతి జిల్లా. నా పుట్టిల్లు టెక్కలి, పెళ్ళయి ఇక్కడికొచ్చి ఇరవై ఆరేళ్ళు. వీధిలో తెలుగు, ఆఫీసుల్లో ఒడియా, ఊరు దాటితే పాతపట్నం, అంటే ఆంధ్ర. నేను బీకాం చదివాను, మా కిరాణా కొట్టు పద్దులు రాస్తాను. అంతకు మించి లెక్కల్లో పాండిత్యం లేదు. అయినా ఈ ఒక్క విషయంలో ఢిల్లీలో కూర్చున్నవాళ్ళ కంటే నాకే ఎక్కువ తెలుసని నా నమ్మకం.

మూడేళ్ళ కిందట ఒక మధ్యాహ్నం, అన్నాలు తినే వేళకి, టాబ్ పట్టుకుని ఒక కుర్రాడు వచ్చాడు. ఆరోగ్యం మీద సర్వే అన్నాడు. ఒడియా అబ్బాయి, మర్యాదస్తుడు. చెప్పులు గుమ్మం బయటే విప్పాడు. మా అత్తని "మావుసీ" అని పిలిచాడు. అంతే, మా అత్త కరిగిపోయింది. అప్పటికి ఆవిడ జారిపడి, తుంటి ఎముక విరిగి, ఆపరేషనయి ఆరు నెలలు. మంచం దిగాలంటే నేను పట్టుకోవాలి. సుగర్ మాత్ర, బీపీ మాత్ర, రాత్రి ఇంకో మాత్ర. మోకాళ్ళ సంగతి చెప్పక్కర్లేదు.

అబ్బాయి మొదటి ప్రశ్న, వయసు. నేను తర్జుమా చేశాను. అత్త, "అరవయ్యో డెబ్బయ్యో, ఏదోటి రాసేసుకో బాబూ" అంది, పెళ్ళిలో చదివింపులు రాయించినట్టు. పాపం అతను వదల్లేదు. 1980లో వంశధారకి పెద్ద వరదొచ్చింది కదా, అప్పటికి పిల్లలెంతమంది అని అడిగాడు. ఊళ్ళలో పుట్టినరోజులు తెలియని వాళ్ళ వయసు పట్టుకోవడానికి ఇలా పెద్ద పెద్ద సంగతులు గుర్తుచేస్తారట. మా అత్తకి వరద కాదు, రాజుగారు గుర్తున్నారు. స్వాతంత్ర్యానికి ముందు ఒడిశా మొదటి ప్రధానమంత్రిగా (ముఖ్యమంత్రిని అప్పట్లో అలాగే అనేవారు) చేసిన మా కృష్ణచంద్ర గజపతి పోయింది 1974లో. "రాజుగారు పోయిన్నాడు మా పెద్దది ఏడో తరగతి. బడి సెలవిచ్చీసినారు" అంది.

దాన్నిబట్టి నేను లెక్కేశాను. మా పెద్దాడపడుచు సర్టిఫికెట్లో 1962 ఉంది. అత్తకి పద్దెనిమిదో ఏట పుట్టిందంటారు. అంటే అత్త పుట్టింది 1944. మరి ఆధార్‌లో? 1952. ఎలాగంటే, 2012లో క్యాంపు పెట్టినప్పుడు ఆపరేటరు వయసెంత అన్నాడు, ఈవిడ అరవై అంది, అతను 2012లోంచి అరవై తీసేసి జనవరి ఒకటి పెట్టేశాడు. ఆధార్ ప్రకారం మా అత్త పదేళ్ళకే తల్లయిపోయింది. ఇన్నేళ్ళలో ఏ ఆఫీసులోనూ ఎవరూ ఇదేంటని అడగలేదు.

మా అత్త ఒక్కత్తే కాదు. జనాభా లెక్కల్లో వయసుల పట్టిక తీస్తే 60 దగ్గర, 65 దగ్గర, 70 దగ్గర కొండలు లేస్తాయి, 61, 67 దగ్గర గోతులు పడతాయి. సున్నాతోనూ అయిదుతోనూ ముగిసే వయసులు ఉండాల్సినదాని కంటే ఎంత ఎక్కువున్నాయో కొలవడానికి విప్పుల్ ఇండెక్స్ అని ఒకటి పెట్టుకున్నారు పెద్దవాళ్ళు. తర్వాత ఆ కొండల్నీ గోతుల్నీ చదును చేస్తారు. దేశం మొత్తానికైతే సర్దుకుపోతుందేమో, మా ఇంటికి సర్దుకోలేదు. ఎందుకో చెబుతాను వినండి, ప్రశ్నకి ఇది పక్కదారే అయినా.

ఒడిశాలో ముసలివాళ్ళకిచ్చే మధుబాబు పెన్షన్ 2024 నుంచి 1,000 రూపాయలు. 2025 జనవరి నుంచి ఎనభై నిండినవాళ్ళకి 3,500 చేశారు. మా అత్తకి ఎనభై నిండాయి. ఆధార్‌కి నిండలేదు. దానికి నిండేది 2032లో. నెలకి 2,500 తేడా. ఆధార్‌లో పుట్టిన తేదీ ఒక్కసారే మార్చుకోవచ్చు, దానికి కాగితం కావాలంటారు. జనన మరణాల నమోదు చట్టం వచ్చిందే 1969లో. 1944లో పల్లెలో, మంత్రసాని చేతుల్లో పుట్టిన పిల్లకి కాగితం ఎక్కణ్ణించి తెస్తాం? ఒక ఆఫీసుకి నాలుగుసార్లు తిరిగాను. నాలుగోసారి అక్కడాయన, "మీ అత్తగారి టెన్త్ సర్టిఫికెట్ తెండి" అన్నాడు. మా అత్త వేలిముద్ర. నవ్వాలో ఏడవాలో తెలియక బయటికొచ్చి చెరుకురసం తాగాను.

ఇంకో మంట కూడా ఉంది. అత్త చెల్లెలు పాతపట్నం పక్కనే ఉంటుంది. ఆవిడకి ఆంధ్రా పెన్షన్, 2024 జూలై నుంచి 4,000. ఒకటో తారీకున గుమ్మంలోకి తెచ్చిస్తారు. ఇక ఒకటో తారీకు మా ఇంట్లో ఎలా ఉంటుందో ఊహించుకోండి. చెల్లెలు ఫోను చేసి "అందినాయే అప్పా" అని చెబుతుంది, ఈవిడ సాయంత్రం దాకా మాట్లాడదు. ఇద్దరూ ఒక తల్లి పిల్లలే. ఒకళ్ళని గీతకి ఇటిచ్చారు, ఒకళ్ళని అటిచ్చారు.

సరే, సర్వే దగ్గరికి వస్తాను. తర్వాతి ప్రశ్న, "గత పదిహేను రోజుల్లో ఒంట్లో ఏమైనా బాగోలేదా?" మన జాతీయ నమూనా సర్వేలో ఆరోగ్యం గురించి అడిగే పద్ధతే అది. మామూలు జబ్బులకి పదిహేను రోజులు, ఆసుపత్రిలో చేరితే ఏడాది. నేను తర్జుమా చేస్తున్నాను కాబట్టి నాకు బాగా గుర్తు. మంచం మీద కూర్చుని, వాచిన కాళ్ళు దుప్పటి కిందికి లాక్కుని, మా అత్త చెప్పిన జవాబు: "నాకేటయింది బాబూ, రాయిలాగున్నాను."

నేను ఉండబట్టలేక, "అత్తా, సుగర్ ఉంది కదా, చెప్పు" అన్నాను. నావైపు ఒక చూపు చూసింది. ఇంటికొచ్చిన మనిషి ముందు రోగాల చిట్టా విప్పుతావా అని ఆ చూపు. ఆవిడ దృష్టిలో మాత్ర వేసుకుంటే అది జబ్బు కాదు, వక్కపొడిలాగ రోజూ ఉండేదే. లేవలేక మూలిగితేనే జబ్బు. అది కూడా పరాయివాళ్ళకి చెప్పకూడదు.

2017-18లో చేసిన సర్వేలో దేశం మొత్తం మీద నూటికి ఏడున్నర మందే గత పదిహేను రోజుల్లో ఒంట్లో బాగోలేదని చెప్పారట. ఏడున్నర! మా వీధిలో ఒక్క వరసే తిరిగి రండి. ఇంకో వింత చూడండి, ఇలా అడిగినప్పుడల్లా కేరళవాళ్ళు అందరికంటే ఎక్కువ జబ్బులు చెబుతారు, ఆయుష్షులో మాత్రం వాళ్ళే ముందుంటారు. బీహార్‌లో తక్కువ చెబుతారు. అమర్త్య సేన్ 2002లోనే బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఈ సంగతి రాశారు. చదువు, డాక్టరు అందుబాటులో ఉన్నవాళ్ళకే తమకి జబ్బుందని తెలుస్తుంది, లేనివాళ్ళు అది మామూలే అనుకుంటారు అని. మా అత్తని చూడకుండానే ఆయన మా అత్త గురించి రాశారు.

అయితే అన్ని సర్వేలూ ఇంతే అనను. లాసీ అని ఒకటుంది, 2017-18లో నలభై అయిదేళ్ళు దాటిన 72 వేలమందికి పైగా మనుషుల్ని కలిసి చేసింది. ముంబయిలోని జనాభా అధ్యయన సంస్థవాళ్ళు నడిపారు, 2021 జనవరిలో నివేదిక వచ్చింది. అందులో ఊరికే అడిగి వదల్లేదు, బీపీ చూశారు, పిడికిలి బలం చూశారు, నడిపించి చూశారు. అరవై దాటినవాళ్ళలో నూటికి 75 మందికి ఏదో ఒక దీర్ఘకాలిక జబ్బు, 40 మందికి ఏదో ఒక వైకల్యం తేలాయి. ఏడున్నర ఎక్కడ, డెబ్బై అయిదు ఎక్కడ! అందరి మీద ఒకటి, ముసలివాళ్ళ మీద ఒకటి, రెండిట్లో అడిగిందీ వేరు, పోల్చకూడదని లెక్కలు తెలిసినవాళ్ళు నన్ను కసురుతారు. కసరనివ్వండి.

మీరు ఇంతవరకు చదివారంటే ఓపికున్నవాళ్ళే, అసలు సంగతి ఇప్పుడు చెబుతాను. నాకు ఈ జవాబు రాయాలనిపించింది దానికోసమే.

ఆ అబ్బాయి ఇంచుమించు చివర్లో అడిగాడు, "మావుసీ, మిమ్మల్ని ఎవరు చూసుకుంటారు?" నేనే తర్జుమా చేయాలి. చేశాను. అప్పటికి నా చేతిలో ఆవిడ పక్కలోంచి తీసిన గుడ్డలు, నానబెట్టడానికి తీసుకెళుతూ ఆగాను. మా అత్త ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "నా కొడుకు. బంగారం లాంటోడు" అంది.

కొడుకు అప్పుడు కొట్లో ఉన్నాడు. మంచివాడే, కాదనను. మాత్రలు తెస్తాడు, రాత్రి పడుకునే ముందు వచ్చి "అన్నం తిన్నావా అమ్మా" అంటాడు. అబ్బాయి టాబ్‌లో ఏదో నొక్కాడు. ఏ గడిలో నొక్కాడో తొంగి చూశాను, కనబడలేదు. నోట్లో మాట నోట్లోనే ఉంచుకుని అతనికి "పుఅ" అని ఒడియాలో చెప్పింది కూడా నేనే. కొడుకు అని. ప్రభుత్వానికి అబద్ధం చెప్పానని ఇప్పటికీ అనిపిస్తుంది.

చట్టమూ అంతే. తల్లిదండ్రుల పోషణకి 2007లో చట్టం చేశారు కదా, అందులో పిల్లలు అంటే కొడుకు, కూతురు, మనవడు, మనవరాలు. కోడలు లేదు. 2019లో అల్లుణ్ణీ కోడల్నీ కలపాలని బిల్లు పెట్టారు, అది చట్టం కాలేదు. కలిపినా బాధ్యత కోసమే కలుపుతారు, లెక్క కోసం కాదు.

మీరు ఆస్ట్రేలియా అన్నారు కాబట్టి చెబుతున్నాను, మా పెద్దాడపడుచు కొడుకు మెల్‌బోర్న్‌లో ఉంటాడు. ఫోన్‌లో "అత్తా, ఒక నర్సుని పెట్టుకోవచ్చు కదా" అని సలహా ఇస్తుంటాడు. డబ్బులు మాత్రం సలహాలో ఉండవు. కానీ వాడివల్ల ఒకటి తెలిసింది. అక్కడ వైకల్యం, వృద్ధాప్యం, సంరక్షకుల మీద ఒక సర్వే ఉంది. దాని పేరులోనే చూసుకునేవాళ్ళు ఉన్నారు. 2022లో అలాంటివాళ్ళు 30 లక్షలమంది అని తేల్చారు. జనాభా లెక్కల్లో కూడా "గత రెండు వారాల్లో జీతం లేకుండా ఎవరికైనా సాయం చేశారా" అని అడుగుతారు. చూసుకునేవాళ్ళకి ప్రభుత్వం భత్యం కూడా ఇస్తుంది. వాళ్ళదేమీ స్వర్గం కాదు. వృద్ధాశ్రమాల్లో నిర్లక్ష్యం మీద రాయల్ కమిషన్ అని పెద్ద విచారణ సంఘమే వేసుకున్నారు, 2021లో ఆ నివేదిక వచ్చింది. అయినా చూసుకునే మనిషి వాళ్ళ పట్టికలో ఒక వరుస. మన దగ్గర ముసలివాళ్ళు ఎందరో తెలుసు, 2011 లెక్కల్లో పది కోట్ల పైమాటే. వాళ్ళ పక్క గుడ్డలు ఎవరు ఉతుకుతున్నారో ఆ పట్టికల్లో నాకైతే కనబడలేదు.

అసలేమీ లేదంటే మళ్ళీ తప్పు. టైమ్ యూజ్ సర్వే ఉంది, 2019లో ఒకసారి, 2024లో ఒకసారి. రోజులో ఏ పనికి ఎంతసేపు అని. 2024 లెక్కలో ఇంట్లోవాళ్ళని చూసుకునే పని చేసే ఆడవాళ్ళకి, 15 నుంచి 59 ఏళ్ళవాళ్ళకి, రోజుకి 140 నిమిషాలు. మగవాళ్ళకి 74. పిల్లల పనీ పెద్దల పనీ కలిపే. నాకు 140 నిమిషాలు రాత్రి ఒక్క పూటకే సరిపోతాయి. రెండింటికి లేచి తిప్పి పడుకోబెట్టి, నాలుగింటికి బాత్రూము, మధ్యలో "అమ్మీ, దాహం" అంటే నీళ్ళు. ఇందులో నిద్రపోతూ చెవి అటు పారేసి ఉంచే పని ఉంది చూశారూ, అది ఏ పద్దు కింద రాస్తారు? నిద్ర కిందే రాస్తారు.

ఇంక జనాభా లెక్కలు. 2021లో జరగాల్సినవి వాయిదా పడి, ఇప్పుడు 2027 మార్చి ఒకటి నాటికి లెక్క అంటున్నారు. మా అత్తకి ఇప్పట్నుంచే నూరిపోస్తున్నాను, వయసడిగితే ఎనభై మూడని చెప్పాలని. 1944 నుంచి లెక్కేస్తే అంతే వస్తుంది. "అంత ముసల్దాన్నా?" అంటోంది. మొన్న రాత్రి కాళ్ళకి నూనె రాస్తూ ఊరికే అడిగాను, "ఆ అబ్బాయి మళ్ళీ వచ్చి ఎవరు చూసుకుంటున్నారంటే ఏం చెబుతావు అత్తా?"

చాలాసేపు మాట్లాడలేదు. నిద్రపోయిందనుకున్నాను. తర్వాత అంది, "నువ్వే. నాకెరికనేదేటి? కానీ నీ పేరు సెప్తే ఊళ్ళో నా కొడుకు పరువేటవుతాది అమ్మీ?"