పట్టీ తీస్తే భయం

ప్రశ్న: గాజువాకలో ఇంట్లోనే జాకెట్లు కుడతాను. రెండేళ్లుగా మెడనొప్పి. ఎక్స్‌రేలో ఎముకల అరుగుదల అన్నారు. మెడ పట్టీ తీయాలంటే భయం. కుట్టుపని మానేయాలా?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: మానక్కరలేదమ్మా. అరుగుదల నొప్పి లేనివారి ఎక్స్‌రేల్లోనూ కనిపిస్తుంది, ఆ మాటకు బెదరకండి. నా కోపమంతా పట్టీ మీదే. నెలల తరబడి కట్టుకుంటే మెడ కండరాలు బలహీనపడతాయి. డాక్టరును అడిగి మెల్లగా తగ్గించండి.

తల బరువు సుమారు 5 కిలోలు. వంచేకొద్దీ ఆ కండరాలపై భారం పెరుగుతుంది. మిషను వెనుక కాళ్ల కింద పలుచని చెక్క పెడితే అది మీ వైపు వాలుతుంది, అంతగా వంగక్కరలేదు. హుక్కులు కుట్టేటప్పుడు ఒడిలో దిండు పెట్టుకోండి. బాబిన్ మార్చినప్పుడల్లా లేచి భుజాలు తిప్పండి. పండగ గిరాకీలో ఇది గుర్తుండదని నాకూ తెలుసు!

చేతులు తిమ్మిరెక్కినా, వేళ్లు సూదిలో దారం ఎక్కించలేకపోతున్నా, నడక తూలుతున్నా మాత్రం వెంటనే కింగ్ జార్జ్ ఆసుపత్రికి (కేజీహెచ్) వెళ్లండి.