నేవీ ఎలక్ట్రికల్ ఆఫీసర్ నుంచి బెంగళూరు ఉద్యోగానికి: సమాధానం

బ్రదర్, నేవీలో పదేళ్ల షార్ట్ సర్వీస్ (కొన్నేళ్లకే పరిమితమైన ఆఫీసర్ కొలువు) అయ్యి ఎలక్ట్రికల్ ఆఫీసర్‌గా బయటికొస్తుంటే బెంగళూరు కంపెనీలు "రెలవెంట్ ఎక్స్‌పీరియన్స్ లేదు" అంటున్నాయని రాశారు కదా, ఎక్స్‌పీరియన్స్ బోలెడుంది, మీ రెజ్యూమేలో కనపడట్లేదంతే. నేనిక్కడ రాడార్ టెస్టింగ్‌లో ఉన్నాను, ఇలాంటివి నా టేబుల్ మీదకీ వస్తాయి. జామ్‌నగర్‌లోని నేవీ ఎలక్ట్రికల్ స్కూల్ వల్సూరాలో ట్రైనింగ్, షిప్ పోస్టింగులు వరసగా రాస్తే హెచ్ఆర్ వాళ్లకి ఏం అర్థమవుతుంది చెప్పండి. మీరు పట్టుకున్న ఒక్క ఫాల్ట్ రాయండి, రాడార్ వేవ్‌గైడ్‌లోకి (సిగ్నల్‌ని యాంటెన్నాకి చేర్చే లోహపు గొట్టం) తేమ చేరి రిఫ్లెక్టెడ్ పవర్ (యాంటెన్నాకి వెళ్లకుండా వెనక్కొచ్చే పవర్) పెరిగింది, రేంజ్ పడిపోయింది, నడిసముద్రంలో డాక్‌యార్డ్ సాయం లేకుండా ఒక్కో సెక్షన్ విప్పి లీకయ్యే గ్యాస్కెట్ మార్చాం, డ్రై ఎయిర్ ప్రెషర్ నిలబడ్డాకే ఆన్ చేశాం అని. ఇది చదివితే ఏ టెస్ట్ మేనేజరైనా ఫోన్ చేస్తాడు.

ఫ్రీక్వెన్సీలు, ఏ షిప్పులో ఏ సిస్టమ్ ఉందో మాత్రం రాయొద్దు, ఇంటర్వ్యూలో గుచ్చి గుచ్చి అడిగినా చెప్పొద్దు, చెప్పలేదని మిమ్మల్ని వద్దనే చోట మీరు చేరకపోవడమే మంచిది. జాలహళ్లిలో ఉన్న ప్రభుత్వ డిఫెన్స్ ఎలక్ట్రానిక్స్ కంపెనీ బీఈఎల్ ఒక్కటే చూస్తూ కూర్చోకండి, పీణ్య వైపు డిఫెన్స్‌కి సబ్‌సిస్టమ్స్ చేసే చిన్న కంపెనీలున్నాయి, ఇంటిగ్రేషన్ (భాగాలన్నీ ఒక్క సిస్టమ్‌గా కలపడం), ఈఎంఐ టెస్టింగ్ (ఒక పరికరం సిగ్నళ్లు ఇంకోదానికి అడ్డు రాకుండా చూసే పరీక్ష) పనుల్లో మీలాంటోళ్లు బాగా కుదురుకుంటారు. రిలీజ్‌కి ముందే డీజీఆర్ (సర్వీస్ నుంచి బయటికొచ్చేవాళ్ల కొత్త ఉద్యోగాలకి సాయపడే రక్షణ శాఖ విభాగం) కోర్సులకి అప్లై చేసేయండి. కొత్త రెజ్యూమే రాశాక పేర్లు తీసేసి పంపండి, ఈ ఆదివారం కూర్చుని లైన్ లైన్ చూస్తాను.