మాత్ర గురించి అడిగారు, అన్నయ్య గురించి రాశారు

నా వయసు 37. ప్రభుత్వ కార్యాలయంలో జూనియర్ అసిస్టెంట్‌ని. ఏడాది క్రితం ఆఫీసులో ఉన్నట్టుండి గుండె దడ, చెమటలు, ఊపిరాడకపోవడం. గుండెపోటేమోనని ఆసుపత్రికి తీసుకెళ్ళారు. ఈసీజీ, ఎకో బాగానే ఉన్నాయి, ఇది పానిక్ అటాక్ అన్నారు. సైకియాట్రిస్టు రెండు మందులు రాశారు. ఎస్సిటాలోప్రామ్ పనిచేయడం లేదనిపించి పది రోజులకే మానేశాను. అల్ప్రాజోలం మాత్రం ఇప్పటికీ రోజూ రాత్రి వేసుకుంటున్నాను. అన్నయ్య ఫోన్ చేసిన రోజున పగలు ఇంకో సగం. అన్నయ్యది ఎరువుల దుకాణం. ఆయన పాడుకున్న రెండు చిట్టీలకు ష్యూరిటీ సంతకాలు పెట్టాను. వాయిదాలు సరిగ్గా కట్టడం లేదు. ఇప్పుడు మూడోదానికి అడుగుతున్నాడు. నాన్న పోయాక ఇంటర్ మానేసి నన్ను డిగ్రీ చదివించిన మనిషి. నా భార్యకు ఇవేవీ తెలియవు. మాత్రలు బి కాంప్లెక్స్ సీసాలో పెట్టుకుంటున్నాను. మొన్న మూడు రోజులు మానేస్తే చేతులు వణికాయి, నిద్ర పట్టలేదు. నేను ఈ మాత్రకు బానిసనైపోయానా? ఎలా మానాలి?
– ఒక సోదరుడు, రాజమహేంద్రవరం

మీరు అడిగినదానికి జవాబు చిన్నది, ముందు అది చెప్పేస్తాను. మీ ఒంటికి ఆ మాత్ర అలవాటైంది. ఏడాది పాటు రోజూ వేసుకుంటే ఎవరికైనా అవుతుంది, అందులో సిగ్గుపడాల్సింది లేదు. కానీ ఒక్కసారిగా మానడం మళ్ళీ చేయకండి. వణుకు, నిద్రలేమితో పోతే సరే, మూర్ఛలు కూడా రావచ్చు. తెలంగాణలో కల్తీ కల్లులో కలుపుతున్నది కూడా ఈ అల్ప్రాజోలమే. 2020 లాక్‌డౌన్‌లో దుకాణాలు మూతపడి కల్లు దొరకనప్పుడు ఎర్రగడ్డ మానసిక వైద్యశాల ముందు ఎంతమంది బారులు తీరారో పేపర్లలో చూసే ఉంటారు. దీన్ని మానేది డాక్టరు చెప్పిన లెక్క ప్రకారం, కొద్దికొద్దిగా తగ్గిస్తూ. వారాలు పట్టవచ్చు, నెలలూ పట్టవచ్చు.

పది రోజులకే పక్కన పెట్టిన ఎస్సిటాలోప్రామ్ ఉంది చూశారూ, అసలు మందు అది. దాని గుణం కనిపించడానికే రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది. అది పని మొదలుపెట్టేదాకా తట్టుకోవడానికి అల్ప్రాజోలం ఇచ్చి ఉంటారు. మీరు గోడ కట్టడం ఆపేసి పరంజా మీద కాపురం పెట్టారు. ఇంకో సంగతి. ఏడాది నాటి చీటీ మీద మీకు ఈ మాత్రలు ఇస్తున్న దుకాణదారు చేస్తున్నది మేలు కాదు. ఇది హెచ్1 షెడ్యూలు మందు. అమ్మిన ప్రతిసారీ డాక్టరు పేరు, రోగి పేరు రిజిస్టరులో రాసి, ఆ రిజిస్టరును మూడేళ్ళు దాచాలి. ఊరికే ఇస్తున్నాడంటే మీ మీద ప్రేమతో మాత్రం కాదు.

మాత్ర సంగతి అంతే. ఇక అసలు విషయానికి వస్తాను.

స్థలం చాలక ఇక్కడ ఇవ్వలేకపోయిన పేజీల్లో, మొదటి అటాక్ వచ్చిన రోజు పొద్దున్నే చిట్టీ కంపెనీ నోటీసు మీ ఆఫీసుకు వచ్చిందనీ, దాన్ని సూపరింటెండెంట్ చూశారనీ ఒకే ఒక్క వాక్యం రాశారు. ఆ వెంటనే మళ్ళీ ఈసీజీ కబుర్లలోకి వెళ్ళిపోయారు. అన్నయ్య ఫోనుకు వేరే రింగ్‌టోన్ పెట్టుకున్నాననీ, అది మోగగానే చొక్కా జేబులో ఐడీ కార్డు వెనక ఉంచుకున్న సగం మాత్ర తడుముకుంటాననీ రాశారు. ఏ కారణమూ లేకుండానే పానిక్ అటాక్‌లు వచ్చేవాళ్ళు బోలెడంతమంది, అందరికీ ఇలాంటి కథ వెతకను. మీ విషయంలో వెతకాల్సిన పని లేకుండా మీరే రాసిచ్చారు.

అన్నయ్య రుణం తీరేది కాదన్నారు. కాదు. తీర్చుకోవద్దని నేననను. ఆయన కూతురు ఇంజనీరింగ్‌లో చేరిందన్నారు కదా, మీకు వీలైనంత ఫీజు కట్టండి, తలెత్తుకుని కట్టండి. తమ్ముడు చేయాల్సిన పని అది. ష్యూరిటీ సంతకం వేరు. అసలు బాకీదారు ఎంతకు బాధ్యుడో హామీ ఉన్నవాడూ అంతకే బాధ్యుడని 1872 నాటి కాంట్రాక్టు చట్టమే చెబుతోంది. కంపెనీ వాళ్ళు ముందు అన్నయ్యను అడిగి ఆ తర్వాతే మీ దగ్గరికి రావాలని నియమమేమీ లేదు. నెలనెలా జీతం వచ్చే మనిషి కనుక మీ దగ్గరికే ముందు వస్తారు. మీరు రాసిచ్చింది మీ పిల్లల అన్నం.

ఉత్తరమంతా వెతికాను. 'నిన్ను చదివించాను' అని అన్నయ్య ఒక్కసారైనా ఎత్తిపొడిచినట్టు ఎక్కడా లేదు. ఆయన అనని మాటను మీకు మీరే అనుకుని, ఆయన అడిగిన చోటల్లా సంతకం పెడుతున్నారు. మొహమాటం గురించి మన పెద్దలు చెప్పిన సామెత ఒకటుంది, ఇక్కడ అచ్చువేయడం బాగుండదు. మీకు తెలిసే ఉంటుంది.

భార్యకు చెబితే గొడవవుతుందని రాశారు. అవుతుంది. కావాలి కూడా. ఆ బాకీ కింద జీతం ఎటాచ్ అయిన (కోత పడిన) సంగతి ఆవిడకు బ్యాంకు మెసేజ్‌లో తెలిస్తే వచ్చే గొడవతో పోలిస్తే ఇదేమంత? మాత్రలు, నోటీసు, రెండు సంతకాలు అన్నీ ఒకే రాత్రి చెప్పేయండి. విడతలుగా చెప్పకండి. ప్రతి విడతకూ ఇంకా ఏం దాచారో అని ఆవిడ ఎదురుచూడాల్సి వస్తుంది.

తర్వాత అన్నయ్య దగ్గరికి వెళ్ళండి. ఫోన్లో వద్దు. వదినగారు ఇంట్లో ఉన్నప్పుడు వెళ్ళి, రెండు చిట్టీల పాస్‌బుక్‌లు ముందు పెట్టుకుని, ఇంకా ఎన్ని వాయిదాలున్నాయో, ఎంత బాకీ పడిందో కాగితం మీద వేయించండి. ఇప్పటిదాకా మీ దగ్గర అంకె లేదు, భయం మాత్రమే ఉంది. 'అన్నయ్యా, పాత రెండింటికీ నీతో నిలబడతాను, మూడోది పెట్టను' అనండి. మా ఆవిడ ఒప్పుకోవడం లేదని మాత్రం అనకండి. మన ఇళ్ళలో మగవాళ్ళు కాదనలేని ప్రతిదాన్నీ భార్య నెత్తిన రుద్ది బయటపడతారు, ఆ తర్వాత తోడికోడళ్ళు ఏళ్ళ తరబడి మాట్లాడుకోరు. కాదనేది మీరు. మీ నోటితోనే అనండి. ఆయనకు కోపం రావచ్చు, నెల రోజులు మాట్లాడకపోవచ్చు. తట్టుకోండి.

అక్కడ కూర్చున్నప్పుడు దడ మొదలైతే గాభరాపడకండి. అటాక్ సాధారణంగా పది నిమిషాల్లో పతాకస్థాయికి చేరి, ఆ తర్వాత దానంతటదే దిగుతుంది. ఊపిరి నెమ్మదిగా వదులుతూ కూర్చోండి. ఈ భయాన్ని ఎదుర్కోవడం నేర్పే సీబీటీ అనే మాటల చికిత్స ఉంది, దాని గురించి సైకియాట్రిస్టును అడగండి. సగం మాత్ర వేసుకున్న పగటిపూట బండి నడపకండి. శుభకార్యాల్లో ఎవరు బలవంతం చేసినా మద్యం ముట్టకండి, ఈ మందుతో కలిస్తే ఊపిరికే ప్రమాదం. అర్ధరాత్రి ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు చేయండి. ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.

ఈ వారంలోనే పాత చీటీ పట్టుకుని, మీ ఆవిడను వెంటబెట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళండి. రోజుకు ఎన్ని వేసుకుంటున్నారో అడిగితే పగటి సగాలు కూడా కలిపి చెప్పండి. తగ్గించే లెక్కంతా ఆ అంకె మీదే వేస్తారు.