సెలెనోసయనేట్ బాటిల్ మూత తీసే ముందు

అమ్మడూ,

ప్రాజెక్టులో నీకు బెంజైల్ సెలెనోసయనేట్లు తయారుచేసే పని పడిందని మీ అమ్మ చెప్పింది. మంచి కెమిస్ట్రీ, ఇష్టంగా చెయ్యి. కాకపోతే థయోసయనేట్‌లో సల్ఫర్ ఉన్న చోట ఇందులో సెలీనియం ఉంటుంది, దానితో అలవాటుంది కదా అని దీన్నీ అలాగే చూడకు.

బీఎస్సీలో ఇనుము ఉందో లేదో చూసే ఫెర్రిక్ టెస్టుకి పొటాషియం థయోసయనేట్ వేస్తే ద్రావణం రక్తంలా ఎర్రబడేది గుర్తుందా, అందులో యాసిడ్ ఉన్నా మనకేమీ కాలేదు. పొటాషియం సెలెనోసయనేట్ అలా ఊరుకోదు. సెలీనియం, కార్బన్ మధ్య బంధం బలహీనం కాబట్టి యాసిడ్ తగిలిందంటే ఎర్రటి సెలీనియం అడుగున పడుతుంది, హైడ్రోజన్ సయనైడ్ అనే విషవాయువు గాల్లోకి లేస్తుంది. ఆ వాసన కొందరికి అసలు తెలియదు, కనుక ముక్కుని నమ్ముకోవద్దు. వర్కప్‌లో, అంటే రియాక్షన్ అయ్యాక సరుకుని కడిగి వేరు చేసేటప్పుడు, ఆలోచించకుండా డైల్యూట్ హెచ్‌సీఎల్ యాసిడ్ వాష్ ఇచ్చే అలవాటు ఉంటుంది చూడు, అది ఇక్కడ పూర్తిగా మానెయ్యి.

రెండోది మన విశాఖ గాలి. ఈ పొటాషియం సెలెనోసయనేట్ ఉప్పుకి తేమ పడదు, సముద్రం పక్కన ల్యాబ్‌లో తూచేలోపే జిగటగా అయిపోతుంది. తేమ తగలని డెసికేటర్ డబ్బాలో పెట్టు, కావలసినంత తీసుకుని వెంటనే మూత బిగించు. పొడి గులాబీ రంగుకో ఎరుపుకో తిరిగిందంటే విడిపోవడం మొదలైందని అర్థం, దాన్ని వాడకు.

రియాక్షన్ మటుకు తేలికే. తేమ లేని డ్రై అసిటోన్‌లో ఉప్పు కరిగించి, బెంజైల్ బ్రోమైడ్ మెల్లగా చుక్కలు చుక్కలుగా వదిలితే కాసేపటికి తెల్లటి పొటాషియం బ్రోమైడ్ కింద దిగుతుంది, పని జరుగుతోందనడానికి అదే గుర్తు. బెంజైల్ బ్రోమైడ్ కళ్ళు మండించి నీళ్ళు పెట్టిస్తుంది కాబట్టి మొదటినుంచీ ఆవిర్లు బయటికి లాగేసే హుడ్‌లోనే పని చెయ్యి.

థయోసయనేట్లూ చెయ్యమంటారేమో. ఆ అయాన్‌కి సల్ఫర్, నైట్రోజన్ రెండు కొసలూ పనిచేస్తాయి, ఏ కొస అతుక్కుందో చూసుకోవాలి. అల్లైల్ థయోసయనేట్‌ని వేడి చేస్తే తిరగబడి అల్లైల్ ఐసోథయోసయనేట్ అవుతుంది, మన ఆవపిండి ఘాటు అదే. ఐఆర్ (ఇన్‌ఫ్రారెడ్) స్పెక్ట్రమ్‌లో థయోసయనేట్ 2150 సెం.మీ⁻¹ దగ్గర సన్నగా, పదునుగా కనిపిస్తుంది, ఐసో అయితే 2100 చుట్టూ వెడల్పుగా, బాగా బలంగా వస్తుంది. కార్బన్ ఎన్ఎంఆర్ ఇంకా తేటగా చెబుతుంది: థయోసయనేట్ (ఎస్‌సీఎన్) కార్బన్ 112 పీపీఎం దగ్గర, ఐసోథయోసయనేట్ (ఎన్‌సీఎస్) 130 దగ్గర, నీ సెలెనోసయనేట్ 102 దగ్గర. శుద్ధి చెయ్యడానికి కాలమ్ వేసే ముందే ఐఆర్ తీయించు.

అన్నిటికంటే ముఖ్యం వేస్ట్. రియాక్షన్ పెట్టకముందే సెలీనియం వేస్ట్ అని పెద్ద అక్షరాలతో రాసి విడిగా ఒక బాటిల్ సిద్ధం చేసుకో, అందులో నీళ్ళ పొరని ఎప్పుడూ బేసిక్‌గానే, అంటే క్షారంగానే ఉంచు, సింక్‌లో ఒక్క చుక్కా పోయకు. గాజుసామాను ఎవరైనా మంచి మనసుతోనే తీసుకెళ్ళి క్రోమిక్ యాసిడ్ తొట్టిలో ముంచేస్తారు, పక్క బెంచీ వాళ్ళకి ముందే చెప్పి ఉంచు, కడిగే పని నువ్వే చేసుకో. ఈ సమ్మేళనాల కంపు జుట్టుకీ బట్టలకీ పట్టుకుంటుంది, ల్యాబ్ కోటు ఇంటికి తేకు. నీ ఊపిరిలో వెల్లుల్లి వాసన వస్తోందని ఎవరైనా అంటే అది సెలీనియం ఒంట్లోకి వెళ్ళిందనడానికి గుర్తు, పని ఆపి గైడ్ గారికి చెప్పి డాక్టరు దగ్గరికి వెళ్ళు, మొహమాటపడకు.

మొదటిసారి ఒక మిల్లీమోల్ మించి పెట్టకు. ఆదివారం ఒక్కదానివే ల్యాబ్‌లో ఉన్నప్పుడు అసలు పెట్టకు. స్పెక్ట్రా వచ్చాక ఫోటో పంపు, కలిసి చూద్దాం.

మీ మావయ్య