కెప్టెన్ వదిలేసి వెళ్లిపోతే టీమ్ పనైపోయినట్టేనా?

ప్రశ్న: అన్నా, మాది రాజోలు దగ్గర లంక. మేం ఐదుగురం ఇంటర్ నుంచీ అమలాపురంలో నెట్ సెంటర్‌కెళ్ళి డోటా అనే ఐదుగురు ఐదుగురు తలపడే కంప్యూటర్ ఆట ఆడుతున్నాం, కాలేజీ ఫెస్టుల్లో రెండుసార్లు ఫస్ట్ కొట్టాం కూడా. వచ్చే నెల కాకినాడలో పోటీ ఉందనగా మా కెప్టెనూ ఇంకొకడూ రాజమండ్రి టీమ్‌లోకి వెళ్ళిపోయారు. చెప్పనైనా చెప్పలేదు, వాట్సాప్ గ్రూపులోంచి లెఫ్ట్ అయితే తెలిసింది. మిగతా ఇద్దరూ టీమ్ ఎత్తేద్దాం అంటున్నారు. పెద్ద టీమ్‌లకి ఎప్పుడైనా ఇలా అయ్యిందా?
ఓ డిగ్రీ కుర్రాడు, రాజోలు

జవాబు: అయ్యింది తమ్ముడూ, అచ్చంగా ఇలాగే అయ్యింది, అది కూడా నువ్వాడే ఆటలోనే. ఓజీ అని పేరు వినే ఉంటావు. 2015లో నోటెయిల్ అనే డెన్మార్క్ కుర్రాడూ, ఫ్లై అనే ఇజ్రాయెల్ కుర్రాడూ కలిసి పెట్టిన టీమ్. ఇద్దరూ అంతకు ముందు ఫ్నాటిక్ అనే టీమ్‌లో ఏళ్ళ తరబడి పక్కపక్క కుర్చీల్లో ఆడినోళ్ళు, ఒకే కంచంలో తిన్నట్టు ఉండేవాళ్ళు. పెట్టిన ఏడాదే నవంబర్లో ఫ్రాంక్‌ఫర్ట్ మేజర్ కొట్టేశారు, మేజర్ అంటే డోటాలో పెద్ద అంతర్జాతీయ పోటీ. తర్వాత 2016లో మనీలా, అదే ఏడు డిసెంబర్లో బోస్టన్, 2017 ఏప్రిల్లో కీవ్. మొత్తం నాలుగు మేజర్లు! కానీ ఏడాదికోసారి జరిగే అసలు జాతర ది ఇంటర్నేషనల్‌కి వచ్చేసరికి మాత్రం ఏంటో ప్రతిసారీ ఉత్తచేతులే.

2018 మే నెలాఖర్లో ఏమయ్యిందంటే, ఇంటర్నేషనల్‌కి ఇంకా మూడు నెలలు కూడా లేదు, కెప్టెన్ ఫ్లై, ఎస్4 అనే ఇంకో ఆటగాడూ కలిసి ఈవిల్ జీనియసెస్ అనే వేరే టీమ్‌లోకి వెళ్ళిపోయారు. మీ రాజమండ్రి కథే కదా. ఓజీలో మిగిలింది నోటెయిల్, జెరాక్స్, ఇంకా అప్పటిదాకా కోచ్‌గా ఉండి ఆ మధ్యే ఆటలోకి దిగిన ఫ్రాన్స్ కుర్రాడు సెబ్. ఆట మానేసి కూర్చున్న అనాని ఆస్ట్రేలియా నుంచి మళ్ళీ పిలిచారు, ఫిన్లాండ్ నుంచి టాప్సన్ అనే ఇరవయ్యేళ్ళ కుర్రాణ్ణి తెచ్చారు, పెద్ద స్టేజీ అంటే ఎలా ఉంటుందో వాడికి తెలీదు. టీమ్ మార్చారు కాబట్టి డైరెక్ట్ ఎంట్రీ లేదు, ఎవడు పడితే వాడు ఆడే ఓపెన్ క్వాలిఫయర్ నుంచి మొదలెట్టాలి. నాలుగు మేజర్లు కొట్టిన నోటెయిల్ పోయి ఊరూపేరూ లేని కుర్రోళ్ళతో పాటు లైన్లో నిలబడ్డాడు.

అది దాటుకుని ఆగస్టులో కెనడాలోని వాంకూవర్లో ఇంటర్నేషనల్‌కి చేరారు. రాతంటే ఇదే, మధ్యలో ఎదురొచ్చింది ఎవరనుకున్నావ్, ఫ్లై ఉన్న టీమే. 2-1తో ఓడించారు. ఆ తర్వాత చైనా టీమ్ పీఎస్‌జీ ఎల్‌జీడీని కూడా 2-1తో కొట్టి ఫైనల్‌కి వెళ్తే, ఒకసారి ఓడినోళ్ళకి రెండో అవకాశం ఇచ్చే కింది బ్రాకెట్‌లోంచి మళ్ళీ ఆ ఎల్‌జీడీయే వచ్చింది. ఐదు ఆటల ఫైనల్‌లో మొదటిది ఓజీది, రెండూ మూడూ ఎల్‌జీడీవి. నాలుగో ఆటలో ఓజీ బాగా వెనకబడిపోయింది, ఇంక టీవీ కట్టేసి పడుకోవడమే అన్నట్టుంది. సెబ్ చేతిలో ఉన్నది యాక్స్, అదే, గొడ్డలి పట్టుకున్న ఎర్రటి మొరటోడు. వాడు ఒక్క అరుపు అరిస్తే చుట్టూ ఉన్న శత్రువులు చేస్తున్న పని వదిలేసి వాణ్ణే కొట్టాలి, రూలంతే. సెబ్ చచ్చిపోయాడు, వెంటనే బంగారం కట్టి బైబ్యాక్ చేసి లేచాడు, మళ్ళీ దూకాడు మందలోకి, అరిచాడు. కామెంటేటర్ 'సెఏఏఏబ్' అని గొంతు చించుకున్నాడు, ఆ కేక ఇప్పటికీ డోటా ఆడేవాళ్ళందరి నోట్లో ఉంది. ఆ ఆట తిరగబడింది, ఐదోది కూడా ఓజీయే కొట్టింది, 3-2.

అందరూ దీన్ని పగ తీర్చుకున్న కథలాగా చెప్తారు గానీ నాకలా అనిపించదు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో క్యారీ ఆడినోడు నోటెయిల్, అంటే డబ్బంతా పోగేసుకుని చివర్లో అందర్నీ నరికే హీరో పని, పేరంతా వాడికే. వాంకూవర్‌లో అదే నోటెయిల్ అయిదో నంబర్, అందరికీ చూపు కోసం వార్డులు కొనిపెట్టి, పక్కోడి కోసం తను చచ్చే పని. ఫ్లై పోయాక కెప్టెన్ అయ్యుండి కూడా అనాకి క్యారీ ఇచ్చేసి తను కూలిపనికి దిగాడు. మీ టీమ్‌లో ఆ అయిదో నంబర్ ఎవడు తీసుకుంటాడో ముందు తేల్చుకో తమ్ముడూ, పోయినోళ్ళ సంగతి తర్వాత. ఇంకోటి, కాకినాడలో మీ పాత కెప్టెన్ ఎదురైతే చెయ్యి కలుపు, గొడవేసుకోకు.

ప్రశ్న: బాబూ, మాది భీమవరం పక్కన, రొయ్యల చెరువులు. మా అబ్బాయి ఈ ఆటలో కోట్లు వస్తాయంటున్నాడు. ఇదేమైనా పందెమా? సంక్రాంతి బరుల్లాంటిదా?
ఓ తండ్రి, భీమవరం

జవాబు: ఆయ్, పందెం కాదండి బాబాయ్ గారూ. ఆ రోజుల్లో ఇంటర్నేషనల్‌కి ఈ ఆట తయారుచేసే కంపెనీ వాల్వ్ 16 లక్షల డాలర్లు మొదట పెట్టేదండి, పైన ఆటలో వాడుకునే బ్యాటిల్ పాస్ అని ఒకటి అమ్మి, దాని మీద వచ్చిన దాంట్లో పావలా వంతు ప్రైజులో కలిపేది. ఊరంతా తలా ఇంత చందా వేస్తే తీర్థంలో ప్రభ లేచినట్టు. అలా 2018లో మొత్తం 2.55 కోట్ల డాలర్లు అయ్యింది, అందులో ఓజీకి 1.12 కోట్లు. మరుసటేడు షాంఘైలో 3.43 కోట్లు అయితే మళ్ళీ ఓజీయే కొట్టి 1.56 కోట్లు పట్టుకెళ్ళింది, అప్పటి రేటులో మన డబ్బుల్లో వంద కోట్ల పైమాటేనండి. 2023లో ఆ బ్యాటిల్ పాస్ పద్ధతి తీసేశారు, ప్రైజు ఒక్కసారిగా 30 లక్షల డాలర్ల చిల్లరకి దిగిపోయింది. అబ్బాయి ఏ ఏడాది లెక్క చెప్తున్నాడో అడగండి ఓసారి.

మన దగ్గర 2025లో వచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు పెట్టి ఆడే ఆటల్ని నిషేధించి, ఈస్పోర్ట్స్‌ని, అంటే నైపుణ్యంతో పోటీపడే ఇలాంటి వీడియో గేమ్ ఆటల్ని, వేరే గుర్తించింది. కాబట్టి వాడు ఆడటానికి డబ్బు కాస్తున్నాడా, ఆడి ప్రైజు కోసం చూస్తున్నాడా, అది కనుక్కోండి చాలు. ఆడనివ్వండి, చదువు మాత్రం వదలనివ్వకండి. చెరువేసినోళ్ళందరికీ 30 కౌంట్ పెద్ద రొయ్య పడదని మీకు నేను చెప్పాలా ఏంటండి.

ప్రశ్న: షాంఘైలో కూడా గెలిచారన్నారు, అది మామూలుగా గెలిచారా? ఇప్పుడా టీమ్ ఏం చేస్తోంది?
ఓ బీటెక్ అమ్మాయి, పాలకొల్లు

జవాబు: మామూలుగా ఎక్కడమ్మా. మధ్యలో సీజనంతా దెబ్బలే తిన్నారు, అనా మళ్ళీ బ్రేక్ తీసుకున్నాడు, 2019 ఏప్రిల్లో అయితే ఓపెన్‌ఏఐ అనే ఏఐ కంపెనీ వాళ్ళ మెషీన్ టీమ్ చేతిలో 2-0తో ఓడిపోయారు, ప్రపంచ చాంపియన్లు కంప్యూటర్ చేతిలో ఓడారని ఊరంతా గోల. నాలుగు నెలలకి షాంఘైలో అదే అయిదుగురు ఫైనల్‌లో లిక్విడ్ అనే టీమ్‌ని 3-1తో కొట్టారు. అనా ఏం తీశాడో తెలుసా, ఐవో. అదొక వెలుగు బంతి, పక్కోడికి ప్రాణం పోసే సపోర్ట్ హీరో, దాన్ని క్యారీగా ఆడాడు. వంటకి వచ్చినోడితో పెళ్ళి తంతు చేయించినట్టు. రెండుసార్లు, అదీ వరసగా, ఇంటర్నేషనల్ గెలిచిన మొదటి టీమ్ అదే.

తర్వాత మామూలే, 2020 జనవరిలో జెరాక్స్ రిటైరయ్యాడు, కరోనా వల్ల ఆ ఏడు పోటీ జరగలేదు, 2021లో అనా ఆపేశాడు. ఆ అక్టోబర్లో బుకారెస్ట్‌లో టీమ్ స్పిరిట్ వీళ్ళని ఇంటికి పంపింది, కప్పు కూడా చివరికి ఆ స్పిరిటే పట్టుకెళ్ళింది. దాంతో నోటెయిల్ కూడా ఆట పక్కన పెట్టాడు. ఇంక అంతా కొత్త కుర్రోళ్ళే. 2022 మేలో స్టాక్‌హోమ్ మేజర్‌కి వాళ్ళలో ఒకడు రాలేకపోతే, రిటైరై కూర్చున్న సెబ్ వచ్చి ఆ కుర్చీలో కూర్చున్నాడు. ఆ మేజర్ కూడా కొట్టారు.